వాతావరణ విధానానికి సలహా చెప్పేదెవరు?

2025 జూన్ నాటికి మన దేశ విద్యుదుత్పత్తి సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్‌ల అవసరం లేనిదిగా మారింది. పారిస్ ఒప్పందం కింద 2030కి చేరుకుంటామని ప్రపంచానికిచ్చిన మాట ఐదేళ్లు ముందే నెరవేరింది. అదే ఏడాది దేశం వాడుకున్న కరెంటులో నూటికి డెబ్బై వంతుల దాకా బొగ్గు నుంచే వచ్చింది. రెండూ నిజాలే. రాత్రి సోలార్ పలకలు పనిచేయవు, గాలి అన్ని నెలల్లో ఒకేలా వీచదు. అందుకే స్థాపిత సామర్థ్యం వేరు, ఇంటికి వచ్చే కరెంటు వేరు.

మొదటి సంగతి పత్రికల మొదటి పేజీల్లోకి ఎక్కింది. రెండోది విద్యుత్ శాఖ పట్టికల్లో ఉండిపోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, వచ్చే పదేళ్లలో గోదావరిఖని బొగ్గు కార్మికుడికీ అనంతపురం వేరుశనగ రైతుకూ విశాఖ తీరంలోని జాలరికీ దీని అర్థమేమిటో బహిరంగంగా చెప్పడం చట్టప్రకారం ఎవరి బాధ్యత? ఎవరిదీ కాదు. మన దేశంలో వాతావరణ లక్ష్యాలున్నాయి, మిషన్లున్నాయి, మంత్రివర్గ తీర్మానాలున్నాయి. ప్రభుత్వానికి స్వతంత్రంగా సలహా చెప్పి, ఆ సలహా ఏమైందో ఏటా లెక్క అడిగే సంస్థ మాత్రం లేదు. ఉద్గారాల కోతకు ఈ లోటు వల్ల జరిగే నష్టం కొంతే. మారిన వాతావరణాన్ని తట్టుకునే పనికి జరుగుతున్న నష్టం అంతకంటే చాలా ఎక్కువ.

ఈ తరహా సలహాకు బాట వేసింది బ్రిటన్. 2008 నవంబరులో అక్కడి పార్లమెంటు వాతావరణ మార్పు చట్టం చేసింది. వ్యతిరేకించిన సభ్యులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ చట్టం వాతావరణ మార్పు కమిటీ అనే స్వతంత్ర సంస్థను ఏర్పాటు చేసింది. అందులో శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు, ఇంధన నిపుణులు ఉంటారు. ఐదేళ్ల కాలంలో దేశం మొత్తం ఎన్ని టన్నుల ఉద్గారాలు వదలవచ్చో తేల్చే ‘కార్బన్ బడ్జెట్’ను, ఆ కాలం మొదలు కావడానికి పన్నెండేళ్ల ముందే సూచించడం ఆ కమిటీ పని. సూచనను ఆమోదించాలా వద్దా అన్నది పార్లమెంటు చేతిలో ఉంటుంది. కాదంటే కారణం రాసి ఇవ్వాలి. ఏటా జూన్ నెలాఖరుకు కమిటీ ప్రగతి నివేదిక ఇస్తుంది. అక్టోబరు 15 లోపు ప్రభుత్వం జవాబివ్వాలి. సలహాను పాటించి తీరాలని చట్టం అనదు. జవాబివ్వకుండా తప్పించుకోవడానికి మాత్రం వీలు లేదు. ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ చిన్న ఏర్పాటే.

దీని ఫలితాలు కళ్లకు కనిపిస్తున్నాయి. మొదటి ఆరు కార్బన్ బడ్జెట్లనూ వరసగా వచ్చిన ప్రభుత్వాలు ఆమోదించాయి. 2050కి 80 శాతం కోత అని మొదట పెట్టుకున్న లక్ష్యాన్ని 2019లో కమిటీ సలహా మీదే నెట్ జీరోకి మార్చారు. 2012లో అక్కడి కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గుదే. 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం రాట్‌క్లిఫ్ మూతపడింది. 1990తో పోలిస్తే ఆ దేశ ఉద్గారాలు సగానికి తగ్గాయి. అందులో కొంత భాగం వస్తువుల తయారీ ఇతర దేశాలకు తరలిపోవడం వల్ల వచ్చింది. బొగ్గు నుంచి బయటపడటం మాత్రం ముమ్మాటికీ విధాన నిర్ణయాల ఫలితమే. ప్రభుత్వ ప్రణాళికలో పస లేదని పౌర సంస్థలు కోర్టుకు వెళితే 2022లో ఒకసారి, 2024లో మరోసారి హైకోర్టు ఆ ప్రణాళికను తప్పుపట్టగలిగింది. చట్టం, బడ్జెట్ అంకెలు, కమిటీ నివేదికలు లేకపోతే ఆ కేసులకు ఆధారమే ఉండేది కాదు.

అయితే అదే బ్రిటన్‌లో అదే కమిటీ, తట్టుకునే ఏర్పాట్ల విషయంలో ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉంది. 2022 జూలైలో అక్కడ చరిత్రలో మొదటిసారి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటింది. ఆ వేసవి వడగాడ్పులకు ఇంగ్లండ్‌లో దాదాపు 3,000 మంది అదనంగా చనిపోయారని ప్రభుత్వ ఆరోగ్య సంస్థే లెక్క తేల్చింది. ఐదేళ్లకోసారి ముప్పుల అంచనా, దాని మీద జాతీయ ప్రణాళిక చట్టబద్ధంగా జరుగుతూనే ఉన్నాయి. అయినా ఆస్పత్రులు, బడులు, వరద ముంపు ప్రాంతాల్లోని ఇళ్లు సిద్ధంగా లేవని 2025 నివేదికలోనూ కమిటీ చెప్పాల్సి వచ్చింది.

ఒకే చట్టం, ఒకే కమిటీ. ఒక పని సాగింది, రెండోది కుంటుపడింది. కారణం కొలతలో ఉంది. ఉద్గారాలను టన్నుల్లో లెక్కపెట్టవచ్చు. ఏ శాఖ ఎంత తగ్గించిందో, ఎంత మిగిలిందో ఇట్టే తెలిసిపోతుంది. తట్టుకునే శక్తికి అలాంటి కొలమానం లేదు. కాకినాడ దగ్గర ఉప్పాడలో కోత ఆపే గోడ, పాలమూరులో ఇంకుడు గుంట, హైదరాబాద్‌లో తెల్ల రంగు వేసిన పైకప్పు, ఈ మూడింటినీ కలిపి కూడే అంకె ఏదీ లేదు. లెక్కకు దొరకని పనికి గడువు పెట్టరు, గడువు లేని పనికి ఎవరూ జవాబు చెప్పరు. కాబట్టి సలహా సంస్థ అవసరం తట్టుకునే పనికే ఎక్కువ. ఏది కొలవాలో ముందు తేల్చి చెప్పే దిక్కు అక్కడే కావాలి.

మిగతా దేశాల అనుభవంలో మనం గట్టిగా చూడాల్సింది దక్షిణాఫ్రికా. మనలాగే బొగ్గు మీద బతికే దేశం. అక్కడి కరెంటులో 80 శాతం దాకా బొగ్గుదే. 2020 డిసెంబరులో ఏర్పడిన అధ్యక్షుడి వాతావరణ కమిషన్‌లో కార్మిక సంఘాలకు, వ్యాపార వర్గాలకు, పౌర సంస్థలకు స్థానమిచ్చారు. 2024లో చేసిన వాతావరణ చట్టం ఆ కమిషన్‌కు చట్టబద్ధతనిచ్చింది. 2022లో కొమాటి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసినప్పుడు అక్కడి పనివాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నష్టపోయారు. ఏం తప్పు జరిగిందో పరిశీలించి బయటపెట్టింది ఆ కమిషనే. బొగ్గు నుంచి బయటికొచ్చే దారిలో కూలివాడి బతుకును లెక్కలోకి తీసుకునే సలహా ఇది. నిపుణులు మాత్రమే కూర్చునే బ్రిటన్ నమూనాలో ఈ గుణం తక్కువ.

సలహా సంస్థలకు రాజకీయ గాలి తగలకుండా ఉండదు. ఆస్ట్రేలియాలో 2012లో పెట్టిన వాతావరణ సంస్థను ఆ మరుసటి ఏడాది అధికారంలోకొచ్చిన ప్రభుత్వం రద్దు చేయబోయింది. పార్లమెంటులో మద్దతు లేక ఆ ప్రయత్నం ఆగి, సంస్థ నిలిచింది. బ్రిటన్‌లోనూ 2025 అక్టోబరులో కన్జర్వేటివ్ పార్టీ నాయకురాలు కెమీ బేడినాక్, తాము గెలిస్తే 2008 చట్టాన్నే రద్దు చేస్తామని ప్రకటించారు. ఆనాడు రెండు ప్రధాన పార్టీలూ కలిసి మోసిన చట్టం ఇది. అయినా ఒకటి గమనించాలి. చట్టంలో ఉన్నదాన్ని తీసేయాలంటే ఆ మాట బాహాటంగా చెప్పి, ఓట్లడిగి, సభలో నెగ్గాలి. ప్రభుత్వ ఉత్తర్వు మీద నడిచే మండలికి ఆ రక్షణ ఉండదు. సమావేశాలు పిలవడం మానేస్తే అది దానంతటదే కనుమరుగవుతుంది.

మన చరిత్ర ఇందుకు సాక్ష్యం. 2007లో ప్రధానమంత్రి అధ్యక్షతన వాతావరణ మార్పు మండలి ఏర్పడింది. మరుసటి ఏడాది జూన్ 30న జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. సౌరశక్తి, ఇంధన పొదుపు, నగరాలు, నీరు, హిమాలయాలు, అడవులు, సేద్యం, విజ్ఞానం అని ఎనిమిది మిషన్లు. సౌర మిషన్ గొప్పగా ఫలించింది. 2010లో మొదలైనప్పుడు 2022కి 20,000 మెగావాట్లన్నారు, 2015లో దాన్ని లక్ష మెగావాట్లకు పెంచారు, 2025 జనవరిలో ఆ లక్ష దాటింది. గడువు తప్పినా ఇది చిన్న విజయం కాదు. దానికి అంకె ఉంది, టెండరు ఉంది, కొనేవాడు ఉన్నాడు. నీటి మిషన్, సేద్యం మిషన్ ఏం సాధించాయని అడిగితే ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలవారు కనిపించరు. ప్రధాని మండలిని 2014లో పునర్వ్యవస్థీకరించారు. పౌరులు చదువుకోగల వార్షిక నివేదిక మాత్రం దాని నుంచి రాలేదు.

నిపుణులు లేక కాదు. కిరీట్ పారిఖ్ అధ్యక్షతన ప్రణాళికా సంఘం నియమించిన బృందం తక్కువ కర్బనంతో ఎదుగుదల ఎలాగన్నది రంగాల వారీగా లెక్కగట్టి 2014 ఏప్రిల్‌లో తుది నివేదిక ఇచ్చింది. వృద్ధి రేటు మీద పడే భారం స్వల్పమేననీ, ఇంధన రంగంలో అదనపు పెట్టుబడి మాత్రం భారీగా కావాలనీ చెప్పింది. మరుసటి నెలలో ప్రభుత్వం మారింది. ఏడాది తిరక్కుండానే ప్రణాళికా సంఘమే లేకుండా పోయింది. అంత శ్రమతో తయారైన సలహాకు జవాబివ్వాల్సిన వారెవరూ మిగల్లేదు. ఆ తరువాత లక్ష్యాలు పెద్దవయ్యాయి. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో 2070 నాటికి నెట్ జీరో అన్నారు. 2022లో జీడీపీతో పోల్చిన ఉద్గారాలను 2005 స్థాయి నుంచి 45 శాతం తగ్గిస్తామన్నారు. 2020 నాటికే 36 శాతం తగ్గించామని మన దేశం ఐక్యరాజ్యసమితికి తెలిపింది. అదే 2022లో దీర్ఘకాల వ్యూహపత్రం కూడా సమర్పించింది. అందులో దిశ ఉంది, సంవత్సరాల వారీ మజిలీలు లేవు.

2024 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ లోటును బయటపెట్టింది. అది బట్టమేక పిట్టల కేసు. ఒకప్పుడు మన కర్నూలు రోళ్లపాడు గడ్డిమైదానాల్లో తిరిగిన పక్షే. రాజస్థాన్, గుజరాత్‌లలో మిగిలిన కొద్దిపాటి పక్షులు సోలార్ కేంద్రాల విద్యుత్ తీగలకు తగిలి చనిపోతున్నాయని ఎం.కె.రంజిత్‌సిన్హ్ వేసిన వ్యాజ్యం మీద విచారిస్తూ, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లో ఉందని ధర్మాసనం చెప్పింది. ఈ విషయానికి సమగ్ర చట్టం లేదనీ గుర్తుచేసింది. హక్కు ఉందన్నాక దాన్ని అమలు చేసే యంత్రాంగం ఉండాలి కదా. నవ్‌రోజ్ దుబాష్ వంటి పరిశోధకులు స్వతంత్ర కమిషన్‌తో కూడిన చట్టం కావాలని వాదిస్తున్నది ఇందుకే.

తట్టుకునే పనికి మనం ఎంత ఖర్చు పెడుతున్నాం? 2021–22లో జీడీపీలో 5.6 శాతమని ప్రభుత్వ లెక్క. ఈ అంకె వినగానే గుండె నిబ్బరమవుతుంది. సాగునీరు, పేదరిక నిర్మూలన, ఆరోగ్యం, విపత్తు సహాయం వంటి మామూలు అభివృద్ధి ఖర్చులు కూడా ఇందులో ఉన్నాయని తెలిశాక ఆ నిబ్బరం నిలవదు. కాలువ తవ్వడం మంచిదే. కానీ అది ఏ ముప్పును ఎంత తగ్గిస్తుందో చూడకుండా మొత్తం ఖర్చును ఈ ఖాతాలో వేస్తే అసలు అవసరం మరుగున పడుతుంది. 2015లో ప్రత్యేకంగా పెట్టిన జాతీయ అనుసరణ నిధికి కేటాయింపులు క్రమంగా కుదించుకుపోయాయి. స్వతంత్ర సంస్థ మొదట తేల్చాల్సిన లెక్కల్లో ఇదొకటి.

ఎండ సంగతి చూద్దాం. 2015 మే నెల వడగాడ్పులకు దేశమంతటా 2,000 మందికి పైగా చనిపోతే, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఉపాధి పనికి వెళ్లిన కూలీలు, గొర్లకాపరులు, ముసలివాళ్లు. 2010లో అహ్మదాబాద్‌లో ఇలాంటి ఘోరమే జరిగితే ఆ నగరం 2013లో దేశంలోనే మొదటి వేడి కార్యాచరణ ప్రణాళిక చేసుకుంది. తరువాత అలాంటివి చాలా నగరాలకు, రాష్ట్రాలకు పాకాయి. సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ 2023లో అలాంటి 37 ప్రణాళికలను పరిశీలించింది. ఎవరికి ఎక్కువ ముప్పో అంచనా కట్టినవి రెండే. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పినవి మూడే. కాగితం మీద ప్రణాళిక ఉంది, దాన్ని చదివి ఇది చాలదని చెప్పే అధికారిక సంస్థ లేదు కాబట్టి ఒక పరిశోధనా కేంద్రం ఆ పని చేయాల్సి వచ్చింది.

ఇక్కడ తెలంగాణ చేసింది చెప్పుకోదగ్గది. 2023లో దేశంలో మొదటిసారి చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు రూ.4 లక్షల పరిహారం ఖరారు చేసింది. అప్పటికి జాతీయ విపత్తుల జాబితాలో వడగాడ్పుకు చోటు లేదు. అయితే పరిహారం రావాలంటే ఎండదెబ్బ వల్లే పోయాడని నిర్ధారణ కావాలి. పొలంలో కుప్పకూలినవాడి సంగతి సరే, రేకుల ఇంట్లో మూడు రాత్రులు ఉక్కపోతకు గుండె ఆగిన ముసలమ్మ ఏ లెక్కలోకీ రాదు. ఆ లెక్క కట్టే పద్ధతి నేర్పాల్సిన అవసరం ఎంతో ఉంది. ప్రాణాల సంఖ్య తప్పయితే దాని మీద కట్టిన విధానమంతా తప్పవుతుంది.

మనకు తట్టుకోవడం చేతకాదని అనుకోనక్కర్లేదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన దాదాపు పది వేల మందిని పొట్టన పెట్టుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ నగరాన్నే తాకి ఆస్తులను ధ్వంసం చేసినా, మరణాలు పదుల్లోనే ఆగాయి. వాతావరణ శాఖ హెచ్చరిక, తుపాను షెల్టర్లు, జనాన్ని ముందుగా తరలించే అధికారులు, అందుకు కేటాయించిన డబ్బు ఒక గొలుసుగా పనిచేయడం వల్లే అది సాధ్యమైంది. ఎండకూ కరువుకూ అలాంటి గొలుసు లేదు.

విజ్ఞానం మన ముంగిట్లోనే ఉంది. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ క్రిడా, వాతావరణాన్ని తట్టుకునే సేద్యం కోసం 2011 నుంచి దేశవ్యాప్తంగా నడుస్తున్న నిక్రా పథకానికి కేంద్రం. దేశంలోని 573 గ్రామీణ జిల్లాలను పరిశీలించి 109 జిల్లాలకు అతి ఎక్కువ, 201 జిల్లాలకు ఎక్కువ ముప్పు ఉందని తేల్చింది ఆ సంస్థే. పశ్చిమ గోదావరి మార్టేరులో పుట్టిన స్వర్ణ వరికి ముంపును తట్టుకునే గుణం చేర్చితే స్వర్ణ సబ్-1 తయారై, రెండు వారాలు నీట మునిగినా బతికే పైరుగా తూర్పు రాష్ట్రాల రైతులకు అందింది. కదిరి పరిశోధనా కేంద్రం ఇచ్చిన కదిరి లేపాక్షి వేరుశనగ బెట్టను ఓర్చుకుంటుంది. ఈ పరిశోధన ఫలితాలు ఏ జిల్లాకు ఎంత చేరాయి, విత్తనం ఎక్కడ ఆగిపోయింది, పంటల బీమా అక్కడ పనిచేసిందా అని ఒక్కచోట కూర్చుని చూసేవారు లేరు. వ్యవసాయ శాఖకు తన పట్టిక, విపత్తు శాఖకు తన పట్టిక.

ఉద్గారాల కోత, తట్టుకునే ఏర్పాటు విడివిడి సంగతులు కావనడానికి మన బోరుబావి చాలు. ఉచిత కరెంటు రైతును నిలబెట్టింది, అది నిజం. తెలంగాణలో 2018 నుంచి 24 గంటలూ ఇస్తున్నారు. ఆ కరెంటులో పెద్ద భాగం బొగ్గుదే, అది తోడే నీరు అడుగుకు పోతోంది, డిస్కమ్‌ల అప్పు పైకి పోతోంది. నీటికి డబ్బు వసూలు చేయండని బయటి నుంచి వచ్చిన సలహాలు ఏ ప్రభుత్వానికీ రుచించలేదు, రుచించవు కూడా. దీనికి మరో దారి మన రైతులే చూపించారు. 2003 తరువాత కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్లలో రైతులు నిర్వహించే భూగర్భ జల కార్యక్రమం నడిచింది. రైతులు తామే బోర్లలో నీటిమట్టం కొలిచారు, వానమానికలు చూసుకున్నారు, రబీకి ముందు కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఆంక్షలు లేవు. అంకె అందరి ఎదుటా గోడ మీద ఉండేది. చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. సలహా అంటే ఏమిటో నాకు అర్థమైంది అక్కడే: కొలిచినవాడే నమ్ముతాడు.

బొగ్గు మాట మరీ కష్టమైనది. నల్లగొండ జిల్లా దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం 2024 నుంచి ఒక్కో యూనిట్‌గా మొదలవుతోంది. అలాంటి కేంద్రం కనీసం పాతికేళ్లు నడవాలనే లెక్క మీదే అప్పులు తెస్తారు. మరోవైపు 2025 జనవరిలో అదే రాష్ట్రం స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2024 అక్టోబరులో తన విధానం తెచ్చింది. పగటి పూట సోలార్ చౌకగా దొరికే కాలంలో ఆ థర్మల్ యూనిట్లు ఎన్ని గంటలు నడుస్తాయి, నడవకపోయినా కట్టాల్సిన స్థిర చార్జీలు ఎవరి బిల్లులో పడతాయి, కొత్తగూడెం, మంచిర్యాల, భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం మీద ఆధారపడిన తరానికి ప్రత్యామ్నాయం ఏమిటి? కార్మిక సంఘాలు ఈ ప్రశ్నలు అడుగుతున్నాయి. జవాబు వాళ్లతో కలిసి తయారు కావాలి.

స్వతంత్ర సంస్థను వ్యతిరేకించేవారి వాదనల్లో బరువున్నవి ఉన్నాయి. మన తలసరి కార్బన్ డయాక్సైడ్ సుమారు రెండు టన్నులు, ప్రపంచ సగటులో సగం కూడా కాదు. చరిత్రలో గాలిని నింపింది వేరేవాళ్లు. 2024లో బాకూ వాతావరణ సదస్సులో సంపన్న దేశాలు ఏటా 30 వేల కోట్ల డాలర్లు 2035 నాటికి సమకూరుస్తామన్నప్పుడు మన ప్రతినిధి దాన్ని తిరస్కరించడంలో న్యాయముంది. స్వతంత్ర సంస్థ ఇంట్లో లోటుపాట్లు చెబితే బయట బేరం దెబ్బతింటుందని ఢిల్లీలో భయం. నేను దీన్ని ఒప్పుకోను. మన అవసరం ఎంత, మన శక్తి ఎంత అని పక్కా లెక్కతో చూపగలిగే దేశం బేరంలో గట్టిగా నిలబడుతుంది. పైగా ఉప్పాడ జాలరి ఇల్లు సముద్రంలో కలిసిపోకుండా చూడటానికి ఎవరి చారిత్రక బాధ్యత ఎంతో తేలే వరకు ఆగలేం.

రాష్ట్రాల హక్కుల గురించిన వాదన ఇంకా బలమైనది. సేద్యం, నీరు, ప్రజారోగ్యం రాష్ట్రాల చేతిలో ఉన్నాయి, కరెంటు ఉమ్మడి జాబితాలో ఉంది. ఢిల్లీలో కూర్చున్న కమిషన్ ఒక్కటే అన్నీ చెబితే అది సలహా కాదు, పెత్తనమవుతుంది. అందుకే కేంద్రంలో చట్టబద్ధమైన కమిషన్‌తో పాటు ప్రతి రాష్ట్రంలో దాని తోటి సంస్థ ఉండాలి. అందులో రైతులకు, మత్స్యకారులకు, బొగ్గు కార్మికులకు, ఆశా కార్యకర్తలకు స్థానముండాలి. 2009 తరువాత రాష్ట్రాలన్నీ వాతావరణ కార్యాచరణ ప్రణాళికలు రాసుకున్నాయి. వాటిని శాసనసభలు చర్చించిన దాఖలాలు అరుదు. ఆ ప్రణాళికలే మొదటి పనిముట్లు కావచ్చు.

ఖర్చు ఎక్కువ కాదు. బ్రిటన్ కమిటీ నడిచేది పదుల సంఖ్యలోని సిబ్బందితోనే. క్రిడా, సముద్ర సమాచారం చూసే ఇన్‌కాయిస్, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, వాతావరణ శాఖ ఇప్పటికే ఉన్నాయి. వాటి సమాచారాన్ని అడిగి తెప్పించుకునే అధికారం, నివేదికను నేరుగా సభ ముందు పెట్టే హక్కు, ప్రభుత్వం జవాబివ్వడానికి మూడు నెలల గడువు చట్టంలో ఉంటే చాలు. మొదటి రెండేళ్లు ఆ నివేదిక నాలుగు విషయాలకే పరిమితమైనా నష్టం లేదు: ఎండ మరణాల సరైన లెక్క, మండలాల వారీగా భూగర్భ జలం, తీరం కోత, రాబోయే థర్మల్ యూనిట్ల అసలు ఖర్చు. వానాకాలం సాగు మొదలయ్యే ముందు, జూన్‌లో, తెలుగులో, గ్రామ పంచాయతీ దాకా చేరేలా అచ్చువేయాలి. సెప్టెంబరులోగా ప్రభుత్వం ప్రతి సూచనకూ ఎదురుగా తన జవాబు రాయాలి. ఒప్పుకుంటే డబ్బు ఏ పద్దులో పెట్టిందో, ఒప్పుకోకపోతే ఎందుకో.